నల్ల కొండల పట్టా

అమెరికాకు వచ్చిన తల్లిదండ్రులకు మనవాళ్ళు చూపించే స్థలాల జాబితా ఒకటి దాదాపు స్థిరపడిపోయింది. నయాగరా, న్యూయార్కు, వాషింగ్టన్, వీలైతే గ్రాండ్ కాన్యన్. మేము మినియాపొలిస్‌లో ఉంటున్నాము గనుక, ఇక్కడి లెక్కలో "దగ్గర" అనదగినది మౌంట్ రష్మోర్. దగ్గరంటే దాదాపు 600 మైళ్ళు. నిరుడు వేసవిలో అమ్మను, నాన్నగారిని వెంటబెట్టుకొని బయలుదేరాము.

నాన్నగారు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసినవారు. పచ్చని చేను చూస్తే అందరికీ పైరు కనిపిస్తుంది. ఆయనకు సర్వే నంబరు కనిపిస్తుంది. రష్మోర్ ఎదుట జెండాల వరుస దాటి, ఆ నలుగురు అధ్యక్షుల ముఖాలు ఒక్కసారిగా కళ్ళబడే వసారా మీద నిలబడి, అందరూ ఫోటోలు తీసుకుంటూ ఉంటే ఆయన నెమ్మదిగా నన్నడిగారు.

"ఈ కొండ ఎవరి పేర ఉందిరా?"

"గవర్నమెంటుది, నాన్నగారూ."

"సరే, గవర్నమెంటుకు ఎవరు రాసిచ్చారు?"

నా వద్ద సమాధానం లేదు. పదిహేనేళ్ళుగా ఈ దేశంలో ఉన్నవాణ్ణి, ఆ కొండ బొమ్మను తపాలా బిళ్ళల మీద, సినిమాల్లో ఎన్నో మార్లు చూసినవాణ్ణి. ఆ ప్రశ్న మాత్రం నాకెన్నడూ తోచలేదు. తిరిగి వచ్చాక చదివినదీ, దారిలో చూసినదీ కలిపి ఆయనకు చెప్పిన జవాబే ఈ వ్యాసం.

ముందు శిల్పం సంగతి. దక్షిణ డకోటా రాష్ట్రపు చరిత్రకారుడు డోన్ రాబిన్సన్‌కు 1923లో ఒక ఆలోచన వచ్చింది. తమ రాష్ట్రానికి యాత్రికులు రావాలంటే ఏదైనా వింత ఉండాలి. బ్లాక్ హిల్స్‌లో సూదుల్లా నిలిచిన రాతి స్తంభాల మీద పశ్చిమ దేశపు వీరుల బొమ్మలు చెక్కిస్తే ఎలా ఉంటుంది? ఆయన మనసులోని జాబితాలో లకోటా నాయకుడు రెడ్ క్లౌడ్ పేరు కూడా ఉన్నది. పనికి పిలిపించిన శిల్పి గట్జన్ బోర్గ్లమ్ ఆ జాబితాను పక్కన పెట్టాడు. ప్రాంతీయ వీరులు చాలరు, జాతి మొత్తానికి చెందిన అధ్యక్షులు కావాలన్నాడు. సూదుల వంటి స్తంభాలు శిల్పానికి పనికిరావని, ఆగ్నేయానికి ముఖం చేసి రోజులో ఎక్కువసేపు ఎండ పడే ఈ కొండను ఎంచుకున్నాడు. అప్పటికి ఆయన జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది సేనానుల బొమ్మలు చెక్కుతూ, ఆ పనికి అండగా ఉన్న కూ క్లక్స్ క్లాన్ పెద్దలతో సన్నిహితంగా మెలుగుతూ ఉన్నాడు. అక్కడ తగవు వచ్చి 1925లో ఆ పని పోయింది. బానిసలను విడిపించిన లింకన్ ముఖాన్ని ఇక్కడ చెక్కినదీ ఆ చేతులే.

1927 ఆగస్టు 10న అధ్యక్షుడు కూలిడ్జ్ సమక్షంలో ప్రారంభోత్సవం జరిగింది. ఆ అక్టోబరులో మొదలైన చెక్కడం 1941 అక్టోబరు 31న ఆగిపోయింది. ఆ పధ్నాలుగేళ్ళలో దాదాపు 400 మంది పనిచేశారు. వారిలో చాలామంది శిల్పులు కారు, గని పనివారు. మాంద్యం కాలంలో వేరే పని దొరకనివారు. రోజూ వందల మెట్లు ఎక్కి పైకి పోయి, ఉక్కు తీగకు కట్టిన చెక్క కుర్చీలో కూర్చొని కొండ ముఖం మీదికి వేలాడేవారు. తొలగించిన రాయి దాదాపు 4,50,000 టన్నులు. అందులో తొంభై పాళ్ళు డైనమైటుతోనే పోయింది. మిగిలిన కొన్ని అంగుళాల మందాన్ని దగ్గర దగ్గరగా తేనెపట్టులా రంధ్రాలు తొలిచి, ఉలితో విరిచి, ఆపైన నునుపు చేశారు. బోర్గ్లమ్ తన పనిశాలలో పన్నెండో వంతు నమూనా చేసుకున్నాడు. నమూనాలో ఒక అంగుళం, కొండ మీద ఒక అడుగు. ఒక్కో ముఖం ఎత్తు 60 అడుగులు. ఇంత ప్రమాదకరమైన పనిలో ఒక్కరూ ప్రాణం పోగొట్టుకోలేదు.

జెఫర్సన్ ముఖాన్ని మొదట వాషింగ్టన్‌కు రెండో పక్కన మొదలుపెట్టారు. దాదాపు ఏడాదిన్నర చెక్కాక రాయి పగుళ్ళిచ్చింది. 1934లో ఆ ముఖాన్ని మొత్తం పేల్చివేసి, ఇవతలి పక్కన మళ్ళీ మొదలుపెట్టారు. అసలు ప్రణాళిక ప్రకారం నలుగురికీ నడుము వరకు శరీరాలు ఉండాలి. 1941 మార్చిలో బోర్గ్లమ్ చనిపోయాడు. కొడుకు లింకన్ బోర్గ్లమ్ కొన్ని నెలలు పని నడిపించాడు. డబ్బు అయిపోయింది, యుద్ధం వాకిట నిలిచింది. వాషింగ్టన్ కోటు మడత కొంత తేలి, మిగిలినది రాయిగానే ఉండిపోయింది. మొత్తం ఖర్చు 9,89,992 డాలర్ల 32 సెంట్లు. ఆ ముప్ఫై రెండు సెంట్ల దగ్గర నాన్నగారు ఆగి, "లెక్క రాసినవాడు మంచివాడు" అన్నారు.

కొండ పేరు సంగతి విన్నప్పుడు ఆయన మరీ సంతోషించారు. చార్ల్స్ రష్మోర్ అనే ఆయన రాజకీయ నాయకుడు కాడు, సేనాని కాడు. న్యూయార్కు వకీలు. 1880ల మధ్యలో ఒక తగరపు గనుల కంపెనీ పక్షాన ఇక్కడి భూముల హక్కుపత్రాలు సరిచూడడానికి వచ్చాడు. ఆ కొండ పేరేమిటని దారి చూపేవాళ్ళను అడిగితే, పేరు లేదు, మీ పేరే పెడతామని వేళాకోళంగా అన్నారని చెబుతారు. అంటే ప్రపంచ ప్రసిద్ధమైన ఈ కొండ, దస్తావేజులు తనిఖీ చేయడానికి వచ్చిన ఒక వకీలు పేరు మోస్తున్నది. కొండకు అంతకు ముందు పేరు లేకపోలేదు. లకోటాలు దానిని ఆరుగురు తాతలు అనేవారు. నాలుగు దిక్కులూ ఆకాశమూ భూమీ కలిసి ఆరుగురు.

ఇక దస్తావేజుల సంగతి. లకోటాలు ఈ కొండలను పహా సాపా అంటారు, నల్ల కొండలని అర్థం. దూరం నుండి చూస్తే దట్టమైన పైన్ చెట్లతో నల్లగానే కనిపిస్తాయి. రెడ్ క్లౌడ్ నాయకత్వాన లకోటాలు చేసిన యుద్ధానికి తట్టుకోలేక, అమెరికా ప్రభుత్వం తన కోటలను ఖాళీచేసి 1868లో ఫోర్ట్ లారమీ వద్ద సంధి చేసుకున్నది. నేటి దక్షిణ డకోటాలో మిసోరీ నదికి పడమటనున్న భూమి అంతా, నల్ల కొండలతో సహా, వారిదేనని అందులో రాశారు. పన్నెండో అధికరణంలో ఇంకొక షరతు పెట్టారు. ఈ భూమిలో ఏ భాగాన్ని ఇచ్చివేయాలన్నా వయోజనులైన పురుషులలో నాలుగింట మూడు వంతుల మంది సంతకం చేయాలి.

సంధి వయస్సు ఆరేళ్ళయినా నిండా రాలేదు. 1874లో కస్టర్ అనే సేనాని వెయ్యిమందికి పైగా సైన్యంతో, వెంట పత్రికా విలేఖరులతో, గనుల తెలిసినవారితో ఈ కొండల్లోకి వచ్చాడు. ఫ్రెంచ్ క్రీక్ అనే వాగులో బంగారం కనబడిందన్న వార్త పత్రికల్లోకి ఎక్కింది. జనం విరుచుకుపడ్డారు. వారిని ఆపవలసిన సైన్యం కొన్నాళ్ళకు ఆపడం మానేసింది. కొండలు అమ్మమని అడిగారు, లకోటాలు అమ్మమన్నారు. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ వద్ద కస్టర్ తన దళంతో సహా హతుడయ్యాడు. ఆ ఆగస్టులోనే కాంగ్రెసు ఒక చట్టం చేసింది. కొండలు వదులుకుంటే తప్ప లకోటాలకు తిండి సరుకులు ఇవ్వరు. వారి ఆహారమైన అడవిదున్నల మందలు అప్పటికే నాశనమవుతున్నాయి. "అమ్ముతారా, పస్తుంటారా" అన్న పేరుతో ఈ చట్టం చరిత్రలో నిలిచిపోయింది. సంతకాల కోసం వెళ్ళినవారికి దొరికినవి పదింట ఒక వంతు మాత్రమే. అయినా 1877 ఫిబ్రవరి 28న కాంగ్రెసు కొండలను స్వాధీనం చేసుకున్నది.

"నాలుగింట మూడు వంతులు కావలసిన చోట పదింట ఒక వంతు. మ్యుటేషన్ ఎలా చేశారు?" అన్నారు నాన్నగారు. ఆ ప్రశ్న అమెరికా న్యాయస్థానాలకు వందేళ్ళు పట్టింది. సూ జాతులవారు మొదట దావా వేసినది 1923లో, రాబిన్సన్‌కు శిల్పం ఆలోచన వచ్చిన ఏడాదే. కొండ మీద డైనమైటు పేలుతున్నంత కాలమూ ఆ దావా పెండింగులో ఉన్నది. శిల్పం ఆగిన మరుసటి ఏడాది, 1942లో, కొట్టివేశారు. వారు వదలలేదు. 1980 జూన్ 30న సుప్రీం కోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా తీర్పు చెప్పింది. ఇది న్యాయమైన పరిహారం ఇవ్వకుండా తీసుకున్న భూమి, కనుక 1877 నాటి విలువ 1 కోటి 71 లక్షల డాలర్లు, దానిపై ఏటా అయిదు శాతం వడ్డీ చెల్లించాలన్నది. అంతా కలిపి దాదాపు 10 కోట్ల 50 లక్షలు.

లకోటాలు ఆ డబ్బు ముట్టలేదు. కొండలే కావాలన్నారు. ఆ సొమ్ము ఖజానాలో పెరుగుతూ వంద కోట్ల డాలర్లు దాటింది. వారు నివసించే పైన్ రిడ్జ్ రిజర్వేషన్ ఈ దేశంలో అతి బీద ప్రాంతాలలో ఒకటి. అయినా ఇప్పటికీ ముట్టలేదు.

ఇది చెప్పినప్పుడు నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత తన ఉద్యోగ కాలపు సంగతి ఒకటి చెప్పారు. మన దేశంలో 1894 నాటి భూసేకరణ చట్టం కింద పరిహారం పుచ్చుకునే రైతు, అభ్యంతరంతో పుచ్చుకుంటున్నానని రాయకపోతే, ఎక్కువ కోసం కోర్టుకు వెళ్ళే హక్కు పోయేది. ఆ సంగతి చాలామంది రైతులకు తెలియదు. చెక్కు తీసుకొని వేలిముద్ర వేసి వెళ్ళిపోయేవారు. "నేను కొందరికి చెప్పాను, కొందరికి చెప్పలేదు. పై అధికారులు పక్కనే ఉంటే చెప్పేవాణ్ణి కాదు" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఈ మాట నేను వినలేదు.

ఇప్పుడు చుట్టుపక్కల చూడదగినవి చెబుతాను, వెళ్ళేవారికి పనికి వస్తుంది.

ఐరన్ మౌంటెన్ రోడ్డు తప్పకుండా ఎక్కాలి. సెనేటరు పీటర్ నార్బెక్ వేయించిన దారి ఇది. రష్మోర్‌కు నిధులు తెచ్చిన వారిలో ఆయన ముఖ్యుడు. 17 మైళ్ళలో మూడు వందలకు పైగా మలుపులు. సొరంగాలను ఎంత నేర్పుగా తొలిచారంటే, చీకటిలోంచి బయటపడే వేళ ఆ నాలుగు ముఖాలు పటం కట్టినట్టు ఎదుట నిలుస్తాయి. కస్టర్ స్టేట్ పార్కులో వెయ్యికి పైగా అడవిదున్నలు తిరుగుతూ ఉంటాయి. 1914లో 36 దున్నలతో మొదలైన మంద అది. దున్నలు రోడ్డుకు అడ్డంగా నిలబడితే అవి కదిలేదాకా మనం ఆగవలసిందే. అమ్మకు ఈ యాత్రలో అన్నిటికంటే నచ్చినది అదే.

విండ్ కేవ్ గుహ లకోటాల నమ్మకంలో పుట్టిల్లు వంటిది. మానవులు భూగర్భంలోంచి ఈ లోకంలోకి వచ్చినది అక్కడి రంధ్రం గుండానేనని వారి పురాణం. బయటి వాతావరణ పీడనాన్ని బట్టి ఆ రంధ్రం గాలిని లోపలికి పీలుస్తుంది, బయటికి వదులుతుంది. భూమి ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. 1903లో దానిని జాతీయ పార్కుగా ప్రకటించిన అధ్యక్షుడు, కొండ మీది నలుగురిలో ఒకరైన థియొడోర్ రూజ్‌వెల్ట్.

పడమటగా వయోమింగ్‌లో డెవిల్స్ టవర్ ఉన్నది. 867 అడుగుల రాతి స్తంభం. 1906లో రూజ్‌వెల్టే దానిని దేశపు తొలి జాతీయ స్మారకంగా ప్రకటించాడు. లకోటాలకు అది ఎలుగుబంటి నివాసం. కయోవా జాతివారి కథలో, ఎలుగు తరుముతుంటే ఏడుగురు ఆడపిల్లలు ఒక రాతి మీదికి ఎక్కారు. రాయి వారిని ఎత్తుకుంటూ ఆకాశానికి పెరిగింది. ఆ స్తంభం మీది నిలువు చారలు ఎలుగు గోళ్ళ గీతలు. ఆ పిల్లలు చుక్కలయ్యారు. సప్తర్షి మండలమని కొందరు, కృత్తికలని కొందరు చెబుతారు. కృత్తికలని వినగానే అమ్మ, కుమారస్వామిని పెంచిన తల్లులు కదా అని దణ్ణం పెట్టుకున్నది.

ఉత్తరాన లీడ్ అనే ఊరిలో హోమ్‌స్టేక్ బంగారు గని ఉన్నది. జార్జ్ హర్స్ట్ దానిని కొన్నది 1877లో, కొండలు లాక్కున్న ఏడాదే. 2002లో మూతపడేలోగా దాదాపు 4 కోట్ల ఔన్సుల బంగారం తీశారు. ఆ గని లోతుల్లో సూర్యుని నుండి వచ్చే న్యూట్రినోలను పట్టుకున్న రేమండ్ డేవిస్‌కు 2002లోనే నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడది భౌతిక శాస్త్ర ప్రయోగశాల.

రష్మోర్‌కు కొద్ది దూరంలోనే క్రేజీ హార్స్ శిల్పం. తెల్లవారికే కాదు, మాకూ వీరులున్నారని తెలియాలంటూ లకోటా పెద్ద హెన్రీ స్టాండింగ్ బేర్ 1939లో కొర్చాక్ జియోల్కౌస్కీ అనే శిల్పిని కోరాడు. 1948లో మొదలైన పని ఇంకా నడుస్తున్నది. ఆయన 1982లో, భార్య రూత్ 2014లో గతించారు, పిల్లలు సాగిస్తున్నారు. ప్రభుత్వ ధనం వద్దన్నారు. 1998లో పూర్తయిన ముఖం ఒక్కటే 87 అడుగులు, రష్మోర్ ముఖాల కంటే పెద్దది. అయితే బతికుండగా ఫోటో తీయనివ్వని మనిషికి కొండంత బొమ్మ ఏమిటని, పవిత్రమైన కొండను వీళ్ళు మాత్రం పేల్చవచ్చునా అని ప్రశ్నించే లకోటాలూ ఉన్నారు. అక్కడి మ్యూజియం పేరులో ఇండియన్ అన్న మాట చూసి, "మనవాళ్ళవీ ఉన్నాయా?" అని అడిగింది అమ్మ. కొలంబస్ పొరపాటు వివరించేసరికి టీ చల్లారింది.

రష్మోర్ వద్ద అయిదో ముఖం అని పేరుపొందిన మనిషి ఒకాయన ఉండేవాడు. బెన్ బ్లాక్ ఎల్క్. లకోటా దుస్తులతో యాత్రికుల పక్కన నిలబడి ఫోటోలు తీయించుకునేవాడు. ఆయన తండ్రి బ్లాక్ ఎల్క్ ఈ కొండల్లోని అతి ఎత్తైన శిఖరం మీద దర్శనం పొందిన ఆధ్యాత్మికుడు. బాల్యంలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధాన్ని, యౌవనంలో 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద స్త్రీలూ పిల్లలతో సహా 250 మందికి పైగా లకోటాలు హతమైన ఘోరాన్ని చూసినవాడు. తండ్రి చెప్పిన జ్ఞాపకాలను కవి జాన్ నైహార్ట్‌కు ఇంగ్లీషులో వినిపించినది ఈ బెన్నే. 1932లో అవి పుస్తకమయ్యాయి. 7,242 అడుగుల ఆ శిఖరానికి, 1855లో లకోటా పల్లెను ఊచకోత కోసిన హార్నీ అనే సేనాని పేరుండేది. 2016లో దానిని తీసివేసి బ్లాక్ ఎల్క్ పేరు పెట్టారు. 2012లో పే స్లా అనే పవిత్రమైన పచ్చికబయలును లకోటా జాతులు 90 లక్షల డాలర్లు పోగుచేసి కొనుక్కున్నాయి. తమదేనని కోర్టు ఒప్పుకున్న కొండల్లో తామే కొనుక్కోవలసి వచ్చింది.

తిరుగుదారిలో మా రాష్ట్రంలోని మంకేటోలో ఆగాము. 1862 డిసెంబరు 26న అక్కడ 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. డకోటాలు లకోటాలకు సోదర జాతి. మరణశిక్ష పడిన 303 మంది కాగితాలను తెప్పించుకొని చదివి, చాలామందిని తప్పించి, మిగిలినవారిని ఉరితీయనిచ్చినది లింకన్. ఆరు రోజుల తరువాత బానిసల విముక్తి ప్రకటనపై సంతకం చేసిందీ ఆయనే. రెండు సంతకాలూ ఒక మనిషివే. ఏది నిజమైన లింకన్ అని అడగడం తేలిక, రెండూ నిజమని ఒప్పుకోవడమే కష్టం.

ఇల్లు చేరిన రెండో రోజున నాన్నగారు మా ఇంటి కాగితాలు చూపించమన్నారు. ఇక్కడ ఇంటితోపాటు, ఆ భూమి చేతులు మారిన చరిత్ర అంతా వరుసగా రాసిన పత్రం ఒకటి ఇస్తారు. కళ్ళజోడు పెట్టుకొని చివరి నుండి మొదటికి చదువుకుంటూ పోయారు. నా పేరు, నాకు ముందువారు, వారికి ముందువారు, ఒక బిల్డరు, ఒక రైతు, అతని తండ్రి. మొట్టమొదటి పద్దులో అమ్మినవారి చోట అమెరికా సంయుక్త రాష్ట్రాలు అని ఉన్నది. అక్కడితో సరి. 1851లో డకోటాలు మెండోటా వద్ద ఒప్పందం చేసుకొని ఈ భూములు ఇచ్చారని, వారికి ముట్టవలసిన సొమ్ములో చాలా భాగం ముట్టలేదని, 1863లో వారిని రాష్ట్రం నుండే వెళ్ళగొట్టారని అందులో రాసి లేదు.

కాగితాలు జాగ్రత్తగా మడిచి కవరులో పెట్టి నా చేతికిచ్చారు.

"అన్నీ సరిగానే ఉన్నాయిరా. మొదటి లింకు డాక్యుమెంటు ఒక్కటే లేదు."